వాపసు లేని టికెట్లు

ఫిబ్రవరి 9

ఒసే పొట్టీ,

ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని మొహం చిట్లించకు. మన ఇంట్లో ఫోనంటే బహిరంగ సభే కదా. మోగగానే అమ్మ "స్పీకరు పెట్టు" అంటుంది, మీ బావ కుర్చీ లాక్కుని వచ్చి కూర్చుంటారు, నేను చెప్పాల్సింది గొంతులోనే ఉండిపోతుంది. అందుకే కాగితం మీద రాసి, ఫోటో తీసి పంపుతున్నాను. నువ్వూ అలాగే పంపు. నా ఫోను ముట్టుకునే ధైర్యం ఈ ఇంట్లో ఎవరికీ లేదు.

నిన్న అమ్మని కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఎడమ కన్ను సంగతి నీకు తెలిసిందే, అది పోయినట్టే. ఇప్పుడు కుడి కన్నులో కూడా చూపు చుట్టూతా మూసుకుపోతూ వస్తోందట. ఎదురుగా ఉన్నది కనబడుతుంది, పక్కనున్నది కనబడదు. తలుపు సందులోంచి లోకాన్ని చూసినట్టన్నమాట. చుక్కల మందు మార్చాడు. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది ఎన్నాళ్ళుంటుందో చెప్పలేనన్నాడు. లేచి వస్తుంటే నన్నొక్కదాన్నే వెనక్కి పిలిచి, "ఆవిడ చూడాలనుకున్నవి ఏమైనా ఉంటే వాయిదా వెయ్యకండి" అన్నాడు.

ఆవిడ చూడాలనుకున్నది ఏమిటో అతనికి తెలియదు గానీ నాకు తెలుసు. నువ్వూ, నీ కూతురూ. ఆ పిల్ల పుట్టాక అమ్మ దాన్ని ఫోనులో తప్ప చూడలేదు, ఇప్పుడు ఆ ఫోను కూడా ఆనడం లేదు. మొన్న చిట్టి అంతసేపు గెంతితే అమ్మ "ఎంత ఎదిగిందో!" అని మురిసిపోయిందా? తరవాత వంటింట్లోకి వచ్చి నన్ను అడిగింది, "కదిలింది పిల్లేనా, కర్టెనా?" అని.

నువ్వు రాలేవు. మీ ఆయన విడిచిపెట్టి పోయాక నీ నివాస కాగితాలు అక్కడి ప్రభుత్వ ఆఫీసులో పడి ఉన్నాయి, అవి తేలకముందు నువ్వు దేశం దాటితే మళ్ళీ లోపలికి రానివ్వరు. కాబట్టి మేమే వస్తున్నాం. అమ్మ, నేను, మీ బావ. జూన్‌లో, చిట్టి బడి సెలవుల్లో. నిన్ను అడగడం లేదు, చెప్తున్నాను.

ఇదివరకు రెండుసార్లు బయలుదేరాం, రెండుసార్లూ ఇంట్లోనే దిగబడ్డాం. మొదటిసారి మీ బావకి తుమ్ములు పట్టుకున్నాయి. రెండోసారి వాన పడుతుందని టీవీలో చెప్పారు. విమానం వాన పైనుంచి పోతుందని చెప్తే, "ఎక్కేదాకా కిందే కదా ఉండాలి" అన్నారు. రెండుసార్లూ కొన్నవి రిఫండబుల్ టికెట్లే. రద్దు చేస్తే డబ్బు వెనక్కి వచ్చేస్తుంది కాబట్టి ఆయన హాయిగా రద్దు చేసేశారు. ఇన్సూరెన్సు ఏజెంటుని చేసుకున్నాను, అనుభవించాలి మరి.

ఇవాళ టికెట్ల ఆఫీసుకి వెళ్ళాం. అక్కడి అమ్మాయి అడిగింది: "రిఫండబులా, నాన్ రిఫండబులా మేడమ్? మొదటి దానికి ఎక్కువవుతుంది. రెండోది రద్దు చేస్తే పైసా రాదు, తేదీ కూడా మారదు." పక్కనున్న మీ బావ బళ్ళో పిల్లాడిలా చెయ్యెత్తారు. నేను ఆ చెయ్యి కిందికి దింపి, ఆలోచించుకుని చెప్తానన్నాను.

నీ గది చిన్నదని రాగం తియ్యకు. ఒత్తిగిలి పడుకుంటాం.

మీ అక్క


ఫిబ్రవరి 17

అక్కా,

నీ ఉత్తరం పని దగ్గర చదివాను. మా హోటలు లాండ్రీ నేల కింద ఉంటుంది, ఒక్క కిటికీ ఉండదు. దుప్పట్లు వేడి రోలర్ల మధ్య నుంచి ఇస్త్రీ అయి బయటికొస్తాయి, మేం అటిద్దరం ఇటిద్దరం పట్టుకుని మడతపెడతాం. నేను ఏడుస్తూ నవ్వుతూ ఉంటే ఒక దుప్పటి ఎవరూ పట్టుకోకుండానే నేల మీదికి జారిపోయింది. సూపర్‌వైజరు కంగారుగా వచ్చి "ఎవరైనా పోయారా?" అని అడిగింది. "లేదు, వస్తున్నారు" అన్నాను.

గదంతా చూసుకున్నాను. మంచం మీద అమ్మా చిట్టీ, కింద నువ్వూ నేనూ, పొయ్యి గట్టు పక్కన బావకి మడత మంచం. ఆయన కాళ్ళు చాపితే వీధి తలుపు తెరుచుకోదు. దొంగల భయం ఉండదని చెప్పు, సంతోషిస్తారు.

"అమ్మమ్మకి నేను కనబడతానా?" అని అడిగింది చిట్టి. దగ్గరికెళ్తే కనబడతావన్నాను. అప్పట్నించీ ఎవరితో మాట్లాడాలన్నా ముక్కుకి ముక్కు ఆనించి మాట్లాడుతోంది. సాధన చేస్తోందట. బడిలో టీచరు నన్ను పిలిచి ఇదేం అలవాటని అడిగింది.

ఒక్క మాట, అక్కా. ఒంటికాలి మీద లేవకుండా విను. టికెట్లు రిఫండబుల్ కొను. నా కాగితాలు ఎప్పుడు తేలతాయో తెలియదు. ఈలోపు కాదు పొమ్మంటే నన్ను జూన్ దాకా ఇక్కడ ఉండనివ్వరు. మీరు అంత దూరం వచ్చి దిగేసరికి నేను పెట్టె పట్టుకుని అటు బయలుదేరితే ఏం చేస్తారు? బావ మాట ఈ ఒక్కసారికీ వింటే నీ సొమ్మేం పోదు.

నీ పొట్టి


ఫిబ్రవరి 25

పొట్టీ,

నువ్వూ మీ బావా ఎప్పుడు జట్టు కట్టారే? ఆయన ఇక్కడ చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నారు, నువ్వు అక్కడ నుంచి తాళం వేస్తున్నావు. నిన్ను వెళ్ళగొడితే ఎక్కడికొస్తావు? అమ్మ దగ్గరికే కదా. మాకు కావలసిందీ అదే. టికెట్లు పోతే పోనీ, దర్జాగా పోతాయి.

నా కారులో నా కాళ్ళ కింద కూడా ఒక బ్రేకూ క్లచ్చూ ఉంటాయని నీకు తెలుసు. డ్రైవింగ్ స్కూలు కార్లన్నిటికీ ఉంటాయి. నేర్చుకునేవాళ్ళు తప్పు చేస్తే మనం తొక్కడానికి. ఇన్నేళ్ళుగా నేను చూస్తున్నదేమిటంటే, నా కాలు ఆ బ్రేకు మీద ఉన్నంతకాలం వాళ్ళు రోడ్డు చూడరు, నా కాలు చూస్తారు. అందుకని ఆఖరి రోజు చెప్పులు విడిచేసి, రెండు కాళ్ళూ సీటు మీదికి మడుచుకుని బాసింపట్టు వేసుక్కూర్చుంటాను. "మేడమ్, కాళ్ళు! కాళ్ళు!" అని గోల పెడతారు. "నా కాళ్ళు నా ఇష్టం, నువ్వు ముందు చూడు" అంటాను. ఒక గుమాస్తాగారు మూడో గేరంటే చచ్చేంత భయంతో రెండో గేరులోనే ఊరంతా తిరిగేవాడు. నా కాళ్ళు పైకి లేచిన రోజు ఏకంగా నాలుగో గేరు వేశాడు. మిగతా స్కూళ్ళవాళ్ళు నాకు పిచ్చి అంటారు. అననీ.

రిఫండబుల్ టికెట్టంటే మీ బావ కాలి కింద బ్రేకు. అది ఉందంటే ఆయన తొక్కకుండా ఉండలేరు. పిల్లి ఎదురొచ్చినా తొక్కుతారు, పాలవాడు ఎదురొచ్చినా తొక్కుతారు. ఈసారి ఆ బ్రేకు పీకి పారేస్తున్నాను. తాడో పేడో జూన్‌లో తేలిపోవాలి.

అమ్మ చిట్టికి పసుపు రంగు గౌను కుట్టించమంటోంది. పసుపు ఇంకా బాగా తెలుస్తోందట. నీలం, నలుపు ఒకటే అయిపోయాయట. ఆ మాట ఎంత మామూలుగా చెప్పిందో, కూరలో ఉప్పు తగ్గిందన్నట్టు.

ఈ వారం క్లాసులు సగానికి తగ్గించుకున్నాను. మా స్కూల్లో రెండో కారు నడిపే ఆవిడ చూసుకుంటోంది. ఏం లేదు, కాస్త అలసట.

అక్క


మార్చి 3

అక్కా,

టికెట్లు ఇంకా కొనలేదు కదా? కొనకపోతే రిఫండబులే కొను. ఎక్కువయ్యేది నేను పంపిస్తాను. ఇది నా కాగితాల గురించి కాదు. కారణం అడగకు. మనిషన్నాక ఏదైనా జరగొచ్చు.

లేదంటే ఈసారికి ఆగకూడదూ? చలికాలంలో చూసుకుందాం. జూన్‌లో ఇక్కడ ఒకటే ఉక్క. నాకు సెలవు దొరుకుతుందో లేదో, చిట్టికి కూడా బళ్ళో ఏవో తరగతులున్నాయంటున్నారు. అంత తొందరేముంది?

నువ్వెలా ఉన్నావు? సరిగ్గా తింటున్నావా, పడుకుంటున్నావా? ఊరికే "బాగున్నాను" అని రాయకు. నిజంగా ఎలా ఉన్నావో రాయి.

నీ చెల్లి


మార్చి 6

చెల్లెలికి,

అంత తొందరేముంది అని రాశావు. ఆ వాక్యం దగ్గర ఆగిపోయాను. అమ్మకి ఇవాళ ఉదయం పళ్ళెంలో అన్నం కనబడింది, పక్కనున్న గ్లాసు కనబడలేదు, చెయ్యి తగిలి దొర్లింది. తొందర అక్కడుంది.

నాకిప్పుడు అర్థమైంది. ముందు కాగితాలన్నావు. తరవాత కాగితాలు కావన్నావు. ఉక్కన్నావు, సెలవన్నావు, సెలవుల్లో పిల్లకి తరగతులన్నావు. ఇన్ని కారణాలు చెప్పేవాళ్ళకి అసలు కారణం వేరే ఉంటుంది. మేం రావడం నీకు ఇష్టం లేదు. మీ హోటల్లో పనిచేసేవాళ్ళ ముందు తడుముకుంటూ నడిచే తల్లీ, గట్టిగా మాట్లాడే అక్కా, గొడుగు లేకుండా గుమ్మం దాటని బావా తలవంపులుగా ఉంటారు కాబోలు. మీ ఆయన వెళ్ళిపోయిన సంగతి కూడా ఏడాది పాటు మా దగ్గర దాచిన దానివి. నీ సంసారం మా కంట పడటం నీకు ఎప్పుడూ గిట్టదు.

అయితే విను. కొనేశాను. మూడు టికెట్లు, జూన్ పద్నాలుగున ప్రయాణం. నాన్ రిఫండబుల్. రద్దు చేస్తే పైసా రాదు, తేదీ మారదు, పేరు మారదు. ఆ అమ్మాయి "బాగా ఆలోచించుకున్నారా మేడమ్?" అని రెండుసార్లు అడిగింది. కార్డు బల్ల మీద పెట్టాను. మీ బావ కుర్చీలో అలా కూలబడిపోతే మంచినీళ్ళు తెప్పించారు.

నీకు ఇష్టమున్నా లేకపోయినా పద్నాలుగున మా అమ్మ నీ ఊళ్ళో దిగుతుంది. విమానాశ్రయానికి రావడం మానుకుంటావో, వస్తావో, అది నీ మర్యాదకి వదిలేస్తున్నాను.

అక్క


మార్చి 10

అక్కా,

నీ ఉత్తరం చదివాను. ఇప్పుడు నా వంతు. నోరు మూసుకుని విను.

తలవంపులట! అమ్మ తడుముకుంటూ వస్తే, దారిలో ఉన్న కుర్చీలన్నీ నేనే తీసేస్తూ ముందు నడుస్తాను. ఎవరైనా నవ్వితే వాళ్ళని రోలర్లలో పెట్టి మడతేస్తాను. నన్ను ఇంతేనా నువ్వు తెలుసుకున్నది?

బావ ఈ నెల మొదట్లో ఫోన్ చేశారు. మీ మేడ మెట్ల మీద కూర్చుని చేశారు, నీకు వినబడకుండా. ముందు వాతావరణం గురించి మాట్లాడారు, చిట్టి చదువు అడిగారు. ఆయన ఏడవడం నేనెప్పుడూ వినలేదక్కా. మొదట నవ్వుతున్నారనుకున్నాను. నీకు రొమ్ములో గడ్డ. పరీక్ష చేశారు. మంచిది కాదన్నారు. ఏప్రిల్‌లో ఆపరేషన్, ఆ తరవాత నెలల తరబడి ఇంజెక్షన్లు. "చెప్పానని మీ అక్కకి తెలిస్తే ఊరుకోదు, టికెట్లు మాత్రం రిఫండబుల్ కొనేలా చూడమ్మా" అన్నారు. ఒట్టు వేయించుకున్నారు. ఆ ఒట్టు ఇప్పుడు తీసి గట్టున పెడుతున్నాను.

"కాస్త అలసట" అని రాశావు నాకు. నేను మా ఆయన సంగతి దాచానని ఏళ్ళ తరబడి దెప్పావు. మరి నువ్వు చేసిందేమిటి? నా ఒక్కగానొక్క అక్కకి జబ్బు చేస్తే, అది మెట్ల మీద నుంచి దొంగచాటుగా తెలియాలా?

పైగా ఆ టికెట్లు! జూన్‌లో నువ్వు మంచం మీద ఉంటావు. నిన్ను వదిలి అమ్మ వస్తుందా? బావ వస్తారా? ముగ్గురి డబ్బూ గంగలో కలిపావు, ఎందుకు? నీ మాట నెగ్గాలని. అంతేగా?

కోపంగా ఉన్నాను. భయంగా ఉంది. ఏది ముందు రాయాలో తెలియక కోపం ముందు రాశాను.

పొట్టి


మార్చి 14

పొట్టీ,

నిన్ను అన్న మాటలు వెనక్కి తీసుకుంటున్నాను. తలవంపుల మాట మరీనూ. రోలర్ల మాట చదివి నవ్వాను, కుట్టు వేసిన చోట నొప్పి పుట్టింది. చిన్న ముక్క కోసి పరీక్షకి పంపారులే.

ఇక విను. మొదటి ఉత్తరం రాసినప్పుడు నాకేమీ తెలియదు. రెండోది రాసేనాటికి ఫలితం నా హ్యాండ్‌బ్యాగులో ఉంది. టికెట్లు కొన్నది అది తెలిశాకే. తెలిసే కొన్నాను. జూన్‌లో నేను ఎక్కలేనని కొనే నిమిషంలో నాకు బాగా తెలుసు.

రిఫండబుల్ కొని ఉంటే ఏమయ్యేదో చెప్పనా? నేను ఆసుపత్రిలో చేరిన గంటలో మీ బావ మూడూ రద్దు చేసేవారు. ఏడుస్తూ, నా మీద ప్రేమతో. తుమ్ములకీ వానకీ ఆయనని తిట్టగలిగాను, దీనికి ఎలా తిట్టను? అమ్మ నా మంచం పక్కన కుర్చీ వేసుక్కూర్చునేది. ఆపరేషనయ్యేదాకా, ఇంజెక్షన్లయ్యేదాకా, జుట్టొచ్చేదాకా అంటూ కూర్చునేది. అందరూ ఎంతో మంచివాళ్ళుగా ఉండేవాళ్ళు. ఈలోపు ఆ తలుపు సందు కాస్తా మూసుకుపోయేది. నీ మొహం చూడకుండా అమ్మ గుడ్డిదైతే, దానికి కారణం నా గడ్డ. నేను బతికినా ఆ మాట మొయ్యలేను.

అందుకని దారి లేకుండా చేశాను. నా జబ్బు పేరు చెప్పి ఈ ఇంట్లో ఇంకొక ప్రయాణం ఆగకూడదు. అది నా ఒంట్లో ఎంత చోటు కావాలంటే అంత తీసుకుంది. ఇంట్లో చోటివ్వను.

మరి నీకెందుకు మూడో టికెట్టు అంటావు. రెండే కొంటే అమ్మ అడిగే మొదటి ప్రశ్న "నువ్వో?" అని. అదొక్కటే కాదు. ఆ అమ్మాయి "కిటికీ పక్కన ఎవరికి?" అని అడిగితే "నాకే" అన్నాను. వెళ్ళలేని సీటే, అయినా నా పేరు మీద కొన్నాను. ఒక గడ్డకి భయపడి నా సీటు నేను వదులుకోబుద్ధి కాలేదు.

నా ఏర్పాటు ఇదీ. అమ్మకి ఆపరేషన్ సంగతి చెప్పం. డ్రైవింగ్ పరీక్షలు చేయించడానికి పక్క ఊరు వెళ్ళానని చెప్తాం. జూన్‌లో ఆఖరి నిమిషంలో పని పడిందని నేను ఆగిపోతాను. నువ్వు నోరు జారకు. మీ బావ నోటికి తాళం నేను వేస్తాను.

మీ అక్క


మార్చి 21

అక్కా,

నోరు జారను. తెరుస్తాను. నువ్వు అమ్మకి చెప్పకపోతే నేనే స్పీకరు పెట్టించి చెప్తాను.

నీ ఏర్పాటు చదువుతుంటే మొదట చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది. తరవాత ఒళ్ళు మండింది. ముక్కూమొహం తెలియని గుమాస్తాగారికి కారు అప్పగించి కాళ్ళు మడుచుకుంటావు. మా దగ్గరికి వచ్చేసరికి బ్రేకు నీదే, క్లచ్చు నీదే, స్టీరింగు కూడా నీదే. అమ్మని వెనక సీట్లో కూర్చోబెట్టి, ఎక్కడికి తీసుకెళ్తున్నావో చెప్పకుండా తలుపులు వేసేశావు. ఆవిడకి కళ్ళే సరిగ్గా ఆనవు, బుర్ర బ్రహ్మాండంగా పనిచేస్తుంది.

అమ్మ నా ఎదురుగా కూర్చుని, నువ్వు పనిలో ఉన్నావనుకుని నవ్వుతుంటే నేను ఆ మొహం ఎలా చూడను? నన్ను చూడ్డానికి అంత దూరం వచ్చిన మనిషికి, నేను అబద్ధపు మొహం చూపించాలా? ఆవిడకి కనబడే ఆ కాస్తలో?

అమ్మ రావాలని నాకు లేదనుకుంటున్నావా? అమ్మ అడిగిందని పసుపు గౌను ఇక్కడే కొంటే, చిట్టి దాన్ని తీసుకెళ్ళి తలగడ కింద పెట్టుకుంది. అయినా అమ్మకి చెప్పు. వస్తే తెలిసి రానీ. రాకపోతే నేనే ఏడ్చుకుంటాను, నీ మీద మాత్రం ఏడవను.

పొట్టి


మే 20

పొట్టీ,

నెలన్నరగా ఫోనులో "బాగున్నాను, బాగున్నాను" అని చిలకపలుకులు పలికాను. చెయ్యి ఎత్తితే లాగుతోంది, అందుకే రాయలేదు. ఈ అక్షరాలు చూసి భయపడకు. ఆపరేషన్ బాగానే అయింది. మొదటి ఇంజెక్షనూ అయింది. జుట్టు దువ్వెనకి రావడం మొదలెట్టేసరికి, అది నన్ను వదిలేదేమిటి, నేనే దాన్ని వదిలేస్తానని మంగలి షాపుకి వెళ్ళి గుండు చేయించుకొచ్చాను. మీ బావ నన్ను చూసి, "తల గుండ్రంగా బాగుంది, ఇన్నాళ్ళూ తెలియలేదు" అన్నారు. పెళ్ళయ్యాక ఆయన అన్న మొదటి మంచి మాట ఇదేనేమో.

ఇక అసలు సంగతి. నువ్వు చెప్పినట్టే ఆపరేషన్‌కి ముందే అమ్మకి చెప్పేశాను. బాల్కనీలో బట్టలు ఆరేస్తూ చెప్పాను. ముందు నా వీపు మీద ఒక్కటి వేసింది. ఈ వయసులో! కళ్ళు కనబడకపోయినా గురి తప్పలేదు. తరవాత నన్ను దగ్గరికి లాక్కుంది. ఆ తరవాత, "ఎవరూ ఎక్కడికీ వెళ్ళడం లేదు" అంది. డబ్బు వెనక్కి ఇవ్వరమ్మా అన్నాను. "తగలెయ్" అంది.

చూశావా? నేను అంత పకడ్బందీగా వేసిన గోడ, ఆవిడ ఒక్క మాటతో దాటేసింది. మీ బావ కోసం కట్టిన గోడ అది, అమ్మకి సరిపోలేదు.

మీ బావేం తక్కువ తిన్నారా? టికెట్ల షరతులన్నీ భూతద్దం పెట్టి చదివారు. ఇన్సూరెన్సు మనిషి కదా, చిన్న అక్షరాలంటే ఆయనకి ప్రాణం. ప్రయాణం చేసేవాళ్ళలో ఒకరికి పెద్ద జబ్బు చేస్తే, ఆసుపత్రి సర్టిఫికెట్టు పెడితే, ముగ్గురి డబ్బూ వెనక్కి ఇస్తారని అడుగున ఎక్కడో ఉందట. సర్టిఫికెట్టు తెచ్చేసుకున్నారు కూడా. కింద నా సంతకం ఒక్కటే తక్కువ. పట్టరాని సంతోషంతో పెన్ను నా చేతికిచ్చారు. నా జబ్బు నాది, దాన్ని అమ్ముకుని డబ్బు తెచ్చుకోను, పెట్టను పొమ్మన్నాను. మేమిద్దరం అలా అరుచుకోవడం ఈ ఇల్లు ఎప్పుడూ వినలేదు.

అప్పుడు నువ్వు రాసిన మాట గుర్తొచ్చింది. వెనక సీటు, తలుపులు. నీ మీద చాలా కోపం వచ్చింది, నువ్వన్నది నిజం కనక.

సంతకం పెట్టేశాను. పెట్టి, ఆ కాగితం అమ్మ చేతిలో పెట్టాను. "అమ్మా, ఇది ఇస్తే డబ్బు వస్తుంది, ప్రయాణం పోతుంది. ఇవ్వకపోతే చెల్లి దగ్గరికి వెళ్ళొచ్చు. నాకు వెళ్ళమనే ఉంది. కానీ నీ ఇష్టం" అన్నాను. నీ ఇష్టం అనే మాట నా నోటికి ఎంత కొత్తదో పలికాక తెలిసింది. అమ్మ ఆ కాగితాన్ని కంటికి ఆనించుకుని అటూ ఇటూ జరిపి చూసింది. చదవలేదని నాకు తెలుసు. నాలుగు మడతలు పెట్టింది. తన పెట్టెలో దాచుకుంది. ఆపరేషనయి నేను ఇంటికొచ్చి, నా అంతట నేను లేచి టీ పెట్టుకున్న రోజు, ఆ మడతలు అలాగే తీసుకెళ్ళి మీ బావ జేబులో దోపింది. "సామాను సర్దుకోండి అల్లుడుగారూ" అంది. నా వైపు తిరిగి, "రెండు వారాలు. ఒక్క పూట ఎక్కువ ఉండను. నేనొచ్చేసరికి నువ్విక్కడ ఉండాలి" అంది. ఉంటానన్నాను.

ఆ రెండు వారాలూ రెండో కారు ఆవిడ నా దగ్గర పడుకుంటుంది. ఇంజెక్షన్‌కి ఆవిడే తీసుకెళ్తుంది. ఆవిడకి డ్రైవింగ్ నేర్పింది నేనే కాబట్టి భయం లేదు.

మీ బావ ఇవాళ్టికే మూడు గొడుగులు పెట్టెలో పెట్టారు. రెండు తీసేశాను.

మీ అక్క


జూన్ 17

అక్కా,

చేరారు. క్షేమం. బావ బయటికి వస్తూనే "మీ అక్కకి ఫోన్ చెయ్యి, నేను బతికే ఉన్నానని చెప్పు" అన్నారు. విమానంలో బెల్టు మొదటి నుంచి చివరి దాకా విప్పలేదట. దిగేటప్పుడు విప్పడం చేతకాక అమ్మ తడిమి విప్పిందట.

నీ సీటు సంగతి ఫోనులో చెప్పలేదు, బావ పక్కనే ఉన్నారు. ఎక్కడో వెనక కూర్చున్న ఒకాయన కిటికీ పక్కన ఖాళీ చూసి వచ్చాడట. అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "ఇది మా పెద్దమ్మాయిది" అంది. విమానంలో పనిచేసే అమ్మాయి వచ్చి, ఆవిడ ఎక్కలేదు కదా అని అడిగితే, "ఎక్కకపోతే? డబ్బు మీరు తిరిగి ఇవ్వరట కదా. అయితే సీటు ఇంకా దానిదే" అందట. బావే తర్జుమా చేశారు, సగం మింగేసి ఉంటారు. అమ్మ తన చేతిసంచీ నీ సీట్లో పెట్టి బెల్టు బిగించింది. ఆయన వెనక్కి వెళ్ళిపోయాడు. దారి పొడుగునా నీ సీటు నీకే ఉంది.

మొదటి రోజు ఉదయం అమ్మ నన్ను కిటికీ దగ్గర కూర్చోబెట్టింది. గడ్డం పట్టుకుని, మొహాన్ని ముక్కలు ముక్కలుగా చూసింది. నుదురు కాసేపు, కనుబొమలు కాసేపు, ముక్కు కాసేపు. ఒకేసారి అంతా పట్టదు కదా ఆ చూపులో. "చిక్కిపోయావే" అంది. తరవాత చిట్టిని పిలిచింది. అది పసుపు గౌనేసుకుని వచ్చి, ఇన్నాళ్ళ సాధనా మర్చిపోయి సిగ్గుతో నా వెనక దాక్కుంది. అమ్మే దాన్ని లాక్కొచ్చి ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. పళ్ళు చూసింది, చెవులు చూసింది, చేతివేళ్ళు ఒక్కొక్కటే విప్పి చూసింది. "మీ పెద్దమ్మ గోళ్ళు" అంది. నేను లాండ్రీలో ఏడ్చినట్టు ఏడ్చాను.

కానీ అక్కా, ఆ తరవాత అమ్మ కళ్ళు మూసేసుకుంది. రోజంతా అలాగే ఉంది. మర్నాడూ అంతే. పొద్దున్నే టీ తాగాక కిటికీ దగ్గర మమ్మల్నిద్దరినీ కాసేపు చూసుకోవడం, ఇక కళ్ళు మూసుకోవడం. వీధిలోకి తీసుకెళ్తే నా చెయ్యి పట్టుకుని కళ్ళు మూసుకునే నడిచింది. మా ఊళ్ళో పెద్ద వంతెన ఉంది, చూడమ్మా అన్నాను. వద్దంది. దుకాణాల అద్దాల్లో బొమ్మలున్నాయని చిట్టి చెయ్యి లాగితే, "నువ్వు చూసి చెప్పు" అంది. నొప్పి పుడుతోందేమో, ఉన్నది కాస్తా పోయిందేమో, నాతో చెప్పడం లేదేమో అని ఇవాళ కూర్చోబెట్టి నిలదీశాను.

"నొప్పి లేదే. ఊరికే అన్నీ చూస్తూ కూర్చుంటే అయిపోతుందని. మీ ఇద్దరికీ పెట్టుకున్నది మీకు వాడుతున్నాను. ఇంటి దగ్గర ఇంకొకతె ఉంది. దానికి జుట్టు మళ్ళీ రావాలి, ఒళ్ళు రావాలి, అప్పుడు దాన్ని చూడాలి. దానికి మిగల్చొద్దూ?" అంది.

చూపు దాచుకుంటే మిగిలేది కాదమ్మా అని చెప్పబోయాను. డాక్టరు నీతో అన్నవన్నీ నా నోటిదాకా వచ్చాయి. చెప్పలేదు. లేచి కర్టెన్ వేశాను.

అనుకున్న రోజునే ఎక్కిస్తున్నాను. ఇంకో రెండు రోజులుండమని నేను అడగను. నీ కోసం దాచింది పట్టుకుని వస్తోంది. నువ్వు గుమ్మంలో, బాగా వెలుతురు పడే చోట నిలబడు.

పొట్టి